చల్లారిన సీసా

తెనాలి స్టేషన్లో రేపల్లె ప్యాసింజరు కదిలేసరికి అంద్రెయ చెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదికి పోయింది. జేబులో దూది చుట్టిన స్లైడు ఉంది, వేలెడంత గాజు పలక. దాన్ని ఆనుకుని దానమ్మక్క రాసిన ఇన్‌లాండు ఉత్తరం ఉంది. పొద్దున ఇంట్లోంచి బయల్దేరుతూ ఆ స్లైడు విరిగి ముక్కలైతే పీడా పోతుందని అనుకున్నవాడే, రిక్షా గతుకుల్లో ఊగినప్పుడల్లా విరుగుతుందేమోనని జేబు గట్టిగా పట్టుకున్నాడు. మనిషి బుద్ధి ఇలాగే ఏడుస్తుంది. రేపల్లె ఎంత దూరం గనక, గంట ప్రయాణం, మధ్యలో ఆరు చిన్న స్టేషన్లు. ఆ గంటలో ఒక మాట కూర్చుకోవాలి. ఐదు నెలలుగా కుదరని మాట గంటలో ఏం కుదురుతుందంటే, కుదరక తప్పదు, రేపల్లె దాటాక పట్టాలు లేవు.

ఉత్తరం బయటికి తియ్యనక్కర్లేదు, నోటికొచ్చు. ప్రభువు నామంలో వందనాలు తమ్ముడూ అని మొదలవుతుంది. ఆపరేషనై ఏడాది నిండింది గనక ఫిబ్రవరి ఇరవయ్యో తారీఖు శనివారం మధ్యాహ్నం ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం, అయ్యగారొచ్చి ప్రార్థన చేస్తారు, గుడివాళ్ళందరికీ భోజనాలు, నువ్వు లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఆ తర్వాత, ఒకప్పుడు పిల్లలకు దస్తూరి దిద్దించిన గుండ్రటి అక్షరాలతో ఈ ముక్క: నా కడుపులో పురుగుని నువ్వు కనిపెట్టి ఎప్పటికప్పుడు డాక్టరు గారికి చెప్పబట్టే ఆరేళ్ళు ప్రాణంతో లాగాను, ఆ సంగతి నలుగురికీ తెలియాలి. పురుగు అన్న మాట కింద గీత గీసింది. టీచరమ్మ కదా, ముఖ్యమైన మాట కింద గీత పడందే ఊరుకోదు. కాని ఆ పురుగు లేదు. ఎప్పుడూ లేదు. ఆరేళ్ళలో పదిహేడు సార్లు ఉందని రాసిచ్చింది అంద్రెయే, ఆ పదిహేడు సార్లూ లేదు. ఈ సంగతి ఇప్పటిదాకా అతనికి తప్ప వేరే పురుగుకు తెలియదు.

ఎదురు బల్ల మీద ఒక ముసలామె ఖాళీ చేపల తట్టలు రెండు కాళ్ళ మధ్య ఇరికించుకుని కూచుంది. తెల్లవారుజామునే తెనాలిలో సరుకు అమ్ముకుని తిరిగి పోతున్నట్టుంది. ఆ వాసనకు పక్కనున్న పెద్దమనిషి ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని కిటికీ వైపు జరిగాడు. అంద్రెయకు ఏ వాసనా పట్టదు. మారీసుపేటలో డాక్టరు జనార్దనరావు గారి ఆస్పత్రి వెనకగదిలో, కిటికీ పక్క మైక్రోస్కోపు ముందు, పదిహేనేళ్ళు ఊళ్ళోవాళ్ళ మలమూత్రాలు చూసి బతికినవాడికి చేపల వాసన మల్లెపూల కింద లెక్క. లాబ్ అంద్రెయ అంటే తెనాలిలో పేరుంది. అంద్రెయ చూశాడంటే చూసినట్టే అని జనార్దనరావు గారే పదిమందిలో అనేవారు. ఆ మాట విన్న రోజు అన్నం తినకపోయినా ఆకలయ్యేది కాదు. పొగడ్తకు అంత లొంగిపోకూడదు మనిషి. ఒకసారి కన్ను పదునైనదని పేరొచ్చాక, కన్ను చూడనిది కూడా చూసినట్టు చెప్పాల్సి వస్తుంది. స్లైడు మీద ఏదన్నా అంతుపట్టకపోతే తెలియదని రాసిన పాపాన పోలేదు. డబ్బులు కట్టి వచ్చినవాడికి తెలియదని రాసిస్తే ఏం బాగుంటుంది, ఉన్నదో లేదో ఒకటి తేల్చాలి కదా, తేల్చేవాడు.

చినరావూరు దాటింది. వరి కోసిన మళ్ళలో మినుము దట్టంగా ఎదిగి ఉంది, కంటికి అడ్డం లేనంత దూరం ఆకుపచ్చ. అందరికీ చల్లగా ఉండే రంగు. అంద్రెయకు గత సెప్టెంబరు నుంచీ ఆ రంగు చూస్తే శివపార్వతి మేడం గొంతు వినిపిస్తుంది. గుంటూరులో లాబ్ పనివాళ్ళకు పదిరోజులు శిక్షణ పెట్టారు, జనార్దనరావు గారే పంపారు. మేడం పెద్ద పాథాలజిస్టు, రేపో మాపో రిటైరవుతారు, నేత చీర, చెవి మీద పెన్సిలు. మొదటి రోజే నలభై మందికీ ఒక ప్రశ్న వేశారు, చీము ఆకుపచ్చగా ఎందుకుంటుందీ అని. అంద్రెయ లేచి, సూక్ష్మజీవుల వల్లనండి అన్నాడు, ఠక్కున. కాదు నాయనా, అది మన సొంత సరుకే అన్నారావిడ. మనల్ని కాపాడే తెల్లకణాల్లో ఒక ఎంజైము ఉంటుంది, దాని రంగు ఆకుపచ్చ, చీములో కనిపించేది ఆ రంగే. చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠత వాక్యం నేర్చుకున్నట్టు ఆ పేరు ముక్కలు ముక్కలుగా నేర్చుకున్నాడు. మై, లో, పె, రా, క్సి, డే, జ్. తెల్లకణం సూక్ష్మజీవిని మింగి, ఈ ఎంజైముతో తన లోపలే బ్లీచింగు పౌడరు నీళ్ళ లాంటి ఘాటైన సరుకు తయారుచేసి, దాన్ని చంపుతుందట. చంపి తనూ చస్తుందట. పదిహేనేళ్ళుగా రోజూ చూస్తూ, పస్ సెల్సు అని రాసి పక్కన ప్లస్సు గుర్తులు పెడుతూ వచ్చినవాటి కడుపులో ఇంత కథ ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు, అతనూ ఎవర్నీ అడగలేదు.

మరి మూడో రోజు చెప్పింది వినకుండా ఉంటే ఎంత బాగుండేది. ఆ రోజు జ్వరమని గదిలో పడుకున్నా సరిపోయేది. కొందరి పేగుల్లో, కారణం ఎవరికీ తెలీదు, శత్రువెవడూ లేకుండానే ఈ తెల్లకణాలు గుంపులు గుంపులుగా చేరతాయి అన్నారు మేడం. చేరి పగిలిపోతాయి. వాటిలోని ఎంజైములు, కాల్చేదొకటి, గోడలోని సాగే నారల్ని కరిగించేదింకొకటి, పేగు లోపలి పొర మీదే ఒలికిపోతాయి. పుళ్ళు, రక్తం, చీము. కంచే చేను మేస్తుందంటారే, అదే ఇది. పేగు ముక్క తీసి అందులో ఆ ఆకుపచ్చ ఎంజైము ఎంతుందో కొలిస్తే లోపల మంట ఎంతుందో చెప్పొచ్చట, విదేశాల్లో కొలుస్తున్నారట. ఒక స్లైడు మీద మందు చుక్కవేసి చూపించారు కూడా, కణాల్లో మిరియాల పొడి చల్లినట్టు గోధుమరంగు చుక్కలు తేలాయి. ఆ తర్వాత నవ్వుతూ, ఇలాంటి రోగి స్లైడులో పెద్దపెద్ద తెల్లకణాలు ఎర్రకణాల్ని మింగి కూచుంటాయి, రక్త విరేచనాలు తెచ్చే పురుగు అమీబా కూడా ఎర్రకణాల్ని మింగుతుంది, పైగా చుట్టూ చీము, రక్తం, అందుకని తెలిసీ తెలియనివాళ్ళు వాటిని చూసి అమీబా అని రాసేస్తారు అన్నారు. గదిలో అందరూ నవ్వారు. అందరూ నవ్వారని అంద్రెయా నవ్వాడు. సగం నవ్వాక నోరు మూతపడలేదు.

"జేబులో ఏంటి బాబూ అట్టా పట్టుకు కూచున్నావు, గుండెనొప్పా?" అంది చేపలామె.

కాదమ్మా, గాజుముక్క అన్నాడు. గాజుముక్క ఎవరన్నా గుండెల మీద పెట్టుకుంటారా, గుచ్చుకోదూ అని ఆమె బుగ్గలు నొక్కుకుంది. గుచ్చుకుంటదమ్మా అన్నాడు. ఆమె కొంగున కట్టిన ఆకు వక్క తీసుకుంది.

జంపనిలో ఎవరో కాలేజీ పిల్లలు ఎక్కి తలుపు దగ్గర నిలబడ్డారు. దానమ్మక్క సీసాలు పంపడం మొదలుపెట్టింది ఎనభై ఐదు చివర్లో. అప్పుడు వాళ్ళు బాపట్లలో ఉండేవాళ్ళు. అక్క మిషను బళ్ళో మూడో తరగతి టీచరు, బర్నబాస్ బావ తాలూకాఫీసులో గుమాస్తా. రోజుకి పది పన్నెండు సార్లు రక్త విరేచనాలు. చిన్న ఇంజక్షను సీసాలో పట్టి, మూతగిన్నెలో పెట్టి, పైన గుడ్డ మూటకట్టి, పొద్దున్నే పొన్నూరు మీదుగా తెనాలి వచ్చే బస్సులో కండక్టరు పేరయ్య చేతికిచ్చేవాడు బావ. పేరయ్య దాన్ని తన సీటు పక్కనే భద్రంగా పెట్టుకుని తెచ్చి బస్టాండులో అంద్రెయకు అందించేవాడు. అందులో నెయ్యి ఉందనుకునేవాడు పాపం. మీ అక్కగారు పంపే నెయ్యి మాకూ ఒకసారి రుచి చూపించరాదూ అని ఓసారి అడిగితే, అంద్రెయ బస్టాండులో నిలబడి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు. అక్కకు ఉత్తరం రాశాడు, ఆమె కూడా నవ్వుకుంటూ జవాబు రాసింది. జబ్బు మనిషితో కలిసి నవ్విన నవ్వు ఆరేళ్ళలో అదొక్కటే.

గంటన్నర, ఒక్కోసారి రెండు గంటలు. బస్సు దిగేసరికి సీసా చల్లారిపోయేది. అమీబా వేడిగా ఉన్నంతసేపే కదులుతుంది. కదిలితేనే అది అమీబా అని గట్టిగా చెప్పాలి. లాబ్ చదువు చదివినవాడికి ఇది ఓనమాలు. మొదటి స్లైడు పెట్టి చూసినప్పుడు పెద్ద కణం, కడుపులో రెండు ఎర్రకణాలు, చుట్టూ చీమలబారులా చీముకణాలు. కదల్లేదు. చల్లారింది కదా, అందుకే కదల్లేదు, వేడిగా ఉంటే కదిలేదే అనుకున్నాడు. ఎంత చక్కటి లెక్క చూడండి. కదిలితే అమీబా, కదలకపోతే చల్లారిన అమీబా. ఇక అది అమీబా కాకుండా పోయే దారి ఏది? ఎంత బాగా కనిపించిందంటే ఆ స్లైడుని పారెయ్యబుద్ధి కాలేదు. అప్పట్లో రివాజు అది, మంచి నమూనా దొరికితే స్పిరిట్లో ముంచి ఆరబెట్టి పెట్టెలో దాచుకోవడం. అక్కదని పేరు రాయలేదు, దా అని ఒక్క అక్షరం రాశాడు. తర్వాత ఏడేళ్ళపాటు లాబులో కొత్తగా చేరినవాళ్ళందరికీ అమీబా అంటే ఇలా ఉంటుందని చూపించింది ఆ స్లైడే.

మాత్రలు మింగింది అక్క. నోరంతా ఇనప చేదు, వాంతులు, తల తిరుగుడు. వారం వాడితే తగ్గినట్టే తగ్గేది. తగ్గింది చూశావా, అమీబా కాకపోతే తగ్గుతుందా అనేవాడు బావతో. అది దానంతటది ఎగసి దానంతటది అణిగే రకం జబ్బని ఎవరికి తెలుసు. మళ్ళీ రెండు నెలలకు సీసా. ఆవకాయ మానేసింది, కారం మానేసింది, చివరికి చారులో మిరియం కూడా. ఎనభై ఎనిమిదిలో ఉద్యోగం మానేసింది. బళ్ళో మరుగుదొడ్డి లేదు, వెనక తుమ్మచెట్ల దాకా పరిగెత్తాలి. ఒకరోజు ఎక్కాలు చెప్పిస్తూ చెప్పిస్తూ పరిగెత్తింది గాని తుమ్మచెట్ల దాకా చేరలేదు. ఎనిమిదో ఎక్కం సగంలో ఆగిన పిల్లలు కిటికీల్లోంచి చూశారు. ఇంటికొచ్చి తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, దస్తూరిలో రాజీనామా రాసింది. ఆ సంగతి ఆమె తమ్ముడికి చెప్పలేదు, బావ చెప్పాడు. ఆ ఏడే బావకు రేపల్లె బదిలీ అయితే పీడా వదిలింది, ఆ ఊళ్ళో నన్నెవరూ చూళ్ళేదు అందట.

వేమూరు. రైలు నిలబడింది. ప్లాట్‌ఫారం మీద కుళాయి చుట్టూ బ్లీచింగు పౌడరు చల్లారు, ఘాటు ముక్కుపుటాల్లోకి కొట్టింది. ఏ వాసనా పట్టనివాడికి ఆ వాసన పట్టింది. ఆమె పేగు లోపల ఆరేళ్ళు ఇదే ఒలికిందా అనుకున్నాడు, ఇలాగే మండిందా.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి తప్పు దిద్దుకోవడానికి తలుపు తెరుచుకుంది. ఎనభై ఆరు ఆగస్టులో. జనార్దనరావు గారు ఎప్పుడూ వెనకగదిలోకి రారు, చీటీ పంపుతారు. ఆ రోజు ఆయనే వచ్చి బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు. మీ అక్కగారి సంగతి నాకెందుకో అనుమానంగా ఉంది అన్నారు. ఇది అమీబా కాకపోతే ఇవ్వాల్సిన మందు వేరు, అమీబా ఉండగా ఆ మందిస్తే పేగుకి చిల్లు పడి మనిషి దక్కదు, అందుకని నీ మాట మీద ఆధారపడాలి అన్నారు.

"ఉందా, అంద్రెయా?"

"ఉందండి."

"కదలడం చూశావా?"

చల్లారి వస్తుంది కదండీ అన్నాడు. పోనీ ఆవిణ్ణి ఇక్కడికే రమ్మని, వేడిగా ఉండగా ఒక్కసారి చూడకూడదూ అన్నారాయన. చూస్తానండి అన్నాడు. ఆయన ఇంకో క్షణం నిలబడి, సరే నీ కన్ను మీద నాకు నమ్మకం ఉందిలే అని వెళ్ళిపోయారు. అక్కడ నమ్మకం బదులు ఒక తిట్టు తిట్టి పోయినా ఎంత మేలు జరిగేది. ఉందండి అన్న ఆ ఒక్క మాటకు అక్క పెద్దపేగు మొత్తం పోయింది. తొంభై ఒకటి క్రిస్మస్ ముందు రక్తం ఆగక బావ వేలూరు తీసుకుపోతే, జనవరిలో కోసి తీసేశారు. పొట్టకి కుడివైపు చిన్న నోరు పెట్టి సంచీ తగిలించారు, ఇక జన్మంతా అదే. అక్కడివాళ్ళు అరవంలో ఏం చెప్పారో అక్కాబావలకు అర్థం కాలేదు. ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంటే బావ తెచ్చి అంద్రెయకు చూపించాడు. కాగితం మీద, తర్వాత మేడం చెప్పిన ఆ జబ్బు పేరే ఉంది, చదివాడు, చదివి, అమీబా ముదిరి ఇలా అయింది బావా అని తనే వివరం చెప్పాడు. అప్పటికి మేడం పాఠం వినలేదు. వినలేదు గనక అది అబద్ధం కాదు. అబద్ధం కాదు గాని నిజమూ కాదు. అలాంటిదాన్ని ఏమంటారో అక్కనే అడగాలి, చిన్నప్పుడు పది ఆజ్ఞలూ వేళ్ళ మీద లెక్కపెట్టించి నేర్పింది ఆమే. వాళ్ళ గుడి లెక్కలో ఎనిమిదోదైన అబద్ధ సాక్ష్యం ఆజ్ఞ దగ్గర అతనెప్పుడూ తడబడితే, మధ్యవేలు పట్టుకుని వెనక్కి వంచేది.

ఎనభై ఆరులో జనార్దనరావు గారు అలా అడిగిన వారమే, ఆదివారం, అడుగుదామనే బాపట్ల వెళ్ళాడు. అక్కావాళ్ళు గుడి నుంచి వచ్చారు, భోజనాల వేళ. అక్కా, ఓ రెండ్రోజులు తెనాలి వచ్చి మా ఇంట్లో ఉండు, పొద్దున్నే ఆస్పత్రికి తీసుకుపోతాను, అక్కడే వేడిగా ఉండగా చూస్తాను అని మాట కూర్చుకునే వెళ్ళాడు. రైల్లో వెళ్తూ పొన్నూరు దాకా అనుకున్న మాటే, అప్పికట్ల దాకా అనుకున్న మాటే, ఆమె ముందు కూచునేసరికి రాలేదు. అమ్మ పోయాక తనకు ఐదేళ్ళు నిండేదాకా ముడ్డి కడిగిన మనిషి ఆమె. ఆమెకు లేని సిగ్గు తనకెందుకొచ్చిందో ఇవాళ్టికీ తెలీదు. ఊళ్ళో అందరి ఆడవాళ్ళనీ, ఇవిగోనండి సీసా, అదుగోనండి దొడ్డి అని అడిగే నోరు, అక్క దగ్గర మూతబడింది. ఆమె వంటింటి గడపలో కూచుని పప్పూ నెయ్యీ కలిపి ముద్దలు చేస్తోంది. మూడేళ్ళ ఎస్తేరు ఇల్లంతా తిరుగుతూ వచ్చి నోరు తెరిచి ఒక ముద్ద పెట్టించుకుని మళ్ళీ పరిగెత్తుతోంది. అడగాల్సింది అడగలేక, లాబ్ అంద్రెయ ఇంకో మాట అన్నాడు. అక్కా చేత్తో పెట్టకు, ఇది చేతుల మీదుగా అంటుకునే జబ్బు, చెంచాతో పెట్టు, వీలైతే బావ చేత పెట్టించు. ఆమె చేతిలో ముద్ద కంచంలోకి జారవిడిచింది. లేచి సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. చెంచా వొద్దు, అమ్మ చెయ్యి కావాలి అని ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు వీధి మొదటిదాకా వినిపించింది. మంచి సలహా ఇచ్చానన్న తృప్తితో సాయంత్రం బండెక్కాడు. ఆ తృప్తి కూడా గుర్తుంది. అడగలేకపోయిన సంగతి మాత్రం తెనాలి స్టేషన్లో దిగాక గుర్తొచ్చింది, వచ్చే నెల అడుగుదాంలే అనుకున్నాడు. వచ్చే నెల సీసాయే వచ్చింది.

పెనుమర్రు ఎప్పుడు పోయిందో చూసుకోలేదు. భట్టిప్రోలులో పెట్టె సగం ఖాళీ అయింది. చేపలామె కాళ్ళు చాపుకుని కునుకు తీస్తోంది. ఇంకో రెండు స్టేషన్లు. చెప్పి ఏం లాభం అని తన లోపలివాడు మొదలుపెట్టాడు. పోయిన పేగు తిరిగొస్తుందా, మానేసిన ఉద్యోగం తిరిగొస్తుందా? ఆమె సంతోషంగా ఉంది, తమ్ముడు కాపాడాడని నలుగురికీ చెప్పుకుని మురుస్తోంది, ఆ ఒక్క మురిపెం కూడా నువ్వే తుడిచేస్తావా, అది జాలంటావా, నీ మనసు తేలిక చేసుకోవడమంటావా? వీడు మహా తెలివైనవాడు. గుంటూరు నుంచి వచ్చిన రాత్రి, దా అని రాసున్న స్లైడు మీద మిథిలిన్ బ్లూ చుక్క వేయకముందు కూడా వీడే చెయ్యి పట్టుకున్నాడు, ఎందుకు లేనిపోనిది అన్నాడు. ఆ నీలం సీసా అతని బల్ల మీదే ఉంది, పదిహేనేళ్ళుగా. క్షయ రోగుల కఫం స్లైడుల కోసం రోజూ వాడతాడు. చెయ్యి చాపితే అందేంత దూరం. మేడం చెప్పింది ఇంతే: చల్లారితే ఒక నీలం చుక్క వెయ్యండి, కేంద్రకం చూడండి, అమీబాది చిన్నగా ఉంటుంది, మధ్యలో చుక్కతో, తెల్లకణానిది పెద్దగా, చిక్కుడుగింజలా ఉంటుంది. అప్పటికీ తేలకపోతే తెలియదని రాయండి, తెలియదనేది కూడా రిపోర్టే. చుక్క వేశాడు. ఏడేళ్ళు అమీబా అయినది ఒక్క నిమిషంలో తెల్లకణమైంది. పెద్ద నీలం చిక్కుడుగింజ. చుట్టూ వందల కొద్దీ చీముకణాలు, ఒక్కోదానికీ మూడేసి ముక్కల కేంద్రకం, వాటి నిండా ఆ పేరు తిరగని ఎంజైము. వాటికి ప్లస్సులు వేశాడు, అవేం చేస్తున్నాయని మాత్రం అడగలేదు. కాపలా ఉండాల్సినవాళ్ళే తగలబెట్టారు. అందులో తనూ ఒకడు. ఆ రాత్రి మైక్రోస్కోపు మీద తల ఆనించి ఏడ్చాడు, పక్క వీధిలో కుక్కలు తప్ప విన్నవాళ్ళు లేరు.

పల్లికోన కూడా పోయింది. మాట కుదిరింది: ఏమీ చెప్పకూడదు. కూడికలో లేచి, అక్క బతికినందుకు దేవునికి స్తోత్రం అని కూచోవాలి. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. స్లైడు సముద్రపు కాలవలో పారెయ్యాలి. హమ్మయ్య అనుకున్నాడు, అనుకుని చూస్తే హమ్మయ్యగా లేదు.

రేపల్లె ప్లాట్‌ఫారం మీద అక్క ఉంది. ఎండకు కొంగు తల మీద కప్పుకుని, చిక్కిపోయి, కుడిచేతిని పొట్టకు కుడివైపు ఆనించుకుని, అక్కడి సంచీ మనుషుల రద్దీకి నలగకుండా కాచుకుంటూ నిలబడింది. అతను జేబు మీద చెయ్యి పెట్టుకుని దిగాడు. అక్క పక్కన ఎస్తేరు, పదేళ్ళ పిల్ల, రెండు జడలు. మామయ్యకు వందనాలు చెప్పి, ఇంజను విప్పుతున్నారు చూసొస్తానని ఆ చివరికి పరిగెత్తింది. ఇక్కడితో దారి అయిపోతుంది గనక ఇంజనుని విప్పి, పక్క పట్టాల మీదుగా తిప్పుకొచ్చి, తోక వైపు తగిలిస్తారు. అక్క మొహంలో నవ్వు. బావ బల్లలు సర్దుతున్నాడు, అయ్యగారు పన్నెండింటికి వస్తారు, ఇరవై కేజీల బియ్యం వండిస్తున్నాం అంది. సాక్ష్యం రాసుకొచ్చావా, నోటితోనే చెప్తావా అంది.

కుదుర్చుకున్న మాట ఎటు పోయిందో పోయింది. జేబులోంచి దూది తీసి, విప్పి, స్లైడు ఆమె చేతిలో పెట్టాడు. ఇది నీదేనక్కా, ఎనభై ఐదులో పంపిన మొదటి సీసా అన్నాడు. ఆమె దాన్ని ఎండలోకి ఎత్తి చూసింది. నీలం మరక తప్ప ఏం కనిపిస్తుంది. ఇందులో ఉందా ఆ పురుగు అంది, అసహ్యంగా, కుతూహలంగా.

"లేదక్కా. ఇందులో లేదు, దేంట్లోనూ లేదు. ఎప్పుడూ లేదు. నేను పొరపడ్డాను."

నిలబడే చెప్పాడు అంతా. నీ ఒంట్లో కణాలే నీ పేగుని తిన్నయ్యి, నేను వాటిని చూసి అమీబా అని రాశాను, డాక్టరు గారు అడిగితే ఉందండి అన్నాను, వేడిగా ఉండగా చూడమంటే చూస్తానని చూళ్ళేదు, నిన్ను తెనాలి రమ్మని అడగడానికి సిగ్గేసింది. వేరే మందు పడుంటే పేగు దక్కేదేమో. ఇవాళ కూడికలో నేను చెప్పే సాక్ష్యం ఇదే, నువ్వు వద్దన్నా చెప్తాను. ఆమె తిడుతుందనుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు. పేగు గురించి, బడి గురించి, ఎనిమిదో ఎక్కం గురించి అడుగుతుందనుకున్నాడు. ఆమె స్లైడు కిందికి దించింది. తర్వాత టీచరమ్మ గొంతుతో, ఒక్కో మాటా విడదీసి అడిగింది.

"అయితే అంటుకునేది కాదా?"

"కాదక్కా. ఎవరికీ అంటుకోదు."

ఆమె స్లైడు వైపు చూడలేదు. పొట్ట మీద ఆనించుకున్న కుడిచెయ్యి తీసి, అరచెయ్యి తిప్పి చూసుకుంది, వేళ్ళు దగ్గరికి చేర్చి ముద్ద పట్టినట్టు పట్టి, మళ్ళీ విప్పింది. ప్లాట్‌ఫారం చివర ఎస్తేరు ఇంజను వెంట నడుస్తూ ఎవరికో చెయ్యి ఊపుతోంది. ఆ పిల్ల ఎప్పుడో చెంచా కూడా వదిలేసి తన చేత్తో తను తింటోంది.

"దానికి పదేళ్ళొచ్చినయిరా," అంది దానమ్మ. "ఇప్పుడు కలిపి పెడితే నా చేతిముద్ద తింటదంటావా?"

అంద్రెయ నోరు తెరిచాడు. ఇంజను తిరిగొచ్చి పెట్టెలకు తగులుకున్న చప్పుడయింది.

"తెలీదక్కా," అన్నాడు.